నర్సింగ్ సీటు, బ్యాంకు అప్పు, మొదటి జీతం



నర్సింగ్ మంచి చదువేనా అని ఇప్పుడు నన్నెవరూ అడగడం లేదు. కొవిడ్ చూశాక ఆ అనుమానం ఎవరికీ మిగల్లేదు. అడిగేదల్లా "బ్యాంకులో ఎంత ఇస్తారు సార్?" అని. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. చదువు ముగించిన పిల్ల మొదటి నెల ఇంటికి ఎంత తెస్తుంది? అందులో బ్యాంకు కంతుకు ఎంత పోతుంది? అప్పు ఎంత చేయాలన్నది ఆ లెక్క మీదే తేలాలి.

నారాయణపూర్ కుడికాలువ కింద పత్తి, మిర్చి వేసే మన దేవదుర్గ తెలుగు కుటుంబాలకు ఇదేమీ కొత్త కాదు. పెట్టుబడి ఎంత, మామూలు ఏడాది క్వింటా ఎంత పలుకుతుంది అని చూసుకున్నాకే కౌలు మాట్లాడతాం. గుంటూరు యార్డులో ఒక్కరోజు పలికిన గరిష్ఠ ధర నమ్ముకొని కౌలు ఖాయం చేసేవాడు మనలో లేడు. మరి పిల్ల చదువు దగ్గరికి వచ్చేసరికి జర్మనీ జీతం చూసి అప్పు రాస్తున్నాం. నా బాధంతా అదే.

లెక్క వేద్దాం. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఫీజు, హాస్టలు, క్లినికల్ పోస్టింగుల ఖర్చు కలిపి ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షల అప్పు అనుకోండి. నాలుగు లక్షల వరకు విద్యారుణానికి బ్యాంకు పొలం తాకట్టు అడగకూడదు, ఇది ముందు గుర్తుంచుకోండి. చదివినన్నాళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది కంతు కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ మాత్రం ఆగదు. ఏటా తీసుకున్న లక్షకు నూటికి ఏడాదికి పది చొప్పున మామూలు వడ్డీ వేసుకున్నా ఆ ఐదేళ్లలో 1,40,000 చేరుతుంది. కంతు మొదలయ్యే నాటికి అప్పు 5,40,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,100. పదిహేనేళ్లకు సాగదీస్తే కంతు 5,800కు తగ్గుతుంది గానీ మొత్తం కట్టేది పది లక్షలు దాటుతుంది.

ఇప్పుడు జీతం. రాయచూరులో చిన్న ప్రైవేటు నర్సింగ్ హోముల్లో చేరిన పిల్లలు నాకు చెప్పే మొదటి జీతం పన్నెండు, పదిహేను వేల మధ్య ఉంటోంది. పదిహేను వేలల్లో ఏడువేల వంద కంతుకు పోతే మిగిలింది 7,900. అందులో గది అద్దె, తిండి, ఇంటికి పంపేది. నైట్ డ్యూటీ ముగించుకొని వచ్చి మళ్లీ ఇంకో చోట పార్ట్‌టైం చేసే పిల్లలు ఉన్నారంటే ఎందుకో ఈ లెక్కలోనే తెలుస్తుంది. 2020 డిసెంబరు నాటికి దేశంలో విద్యారుణాల్లో తొమ్మిదిన్నర శాతం మొండి బకాయిలు. పిల్లలకు బాధ్యత లేక ఎగ్గొట్టారని నేను అనుకోను. జీతం చాలక ఆగిపోయినవే అందులో ఎక్కువ ఉంటాయని నా నమ్మకం.

బ్యాంకు దాకా పోలేక నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లున్నారు. అదే నాలుగు లక్షలు ఏటా లక్ష చొప్పున అలా తెస్తే ఐదేళ్లలో వడ్డీయే 3,36,000. మైక్రోఫైనాన్స్ వాళ్ల వేధింపులను అడ్డుకోవడానికి ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్స్ తేవాల్సిన స్థితి వచ్చింది మన కర్ణాటకలో. ఆడపిల్ల చదువుకు దయచేసి ఆ గడప తొక్కకండి. ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, కాలేజీకి న్యాక్ గుర్తింపు ఉంటే, చదువుకునే కాలానికి, ఆ తర్వాతి ఏడాదికి వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. అది దొరికితే పై లెక్కలో 1,40,000 ఎగిరిపోతుంది, కంతు 5,300 దగ్గరికి దిగుతుంది. అందుకే కాలేజీలో భవనం చూడకముందు న్యాక్ గుర్తింపు అడగండి. కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉన్నాయో లేదో కాగితం మీద చూడండి. ఏజెంటు నోటి మాట మీద డబ్బు కట్టకండి.

మనకు మాత్రమే ఉన్న ఒక ఆస్తి గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. రాజ్యాంగంలోని 371 జె అధికరణం. 98వ సవరణతో వచ్చింది, 2013 నుంచి అమల్లో ఉంది. మన కల్యాణ కర్ణాటకలోని విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు స్థానికులవి. ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ స్థానిక కోటా ఉంది. మనవాళ్లలో చాలామంది "మనం ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లం కదా, మనకెక్కడిది" అని ఊరుకుంటున్నారు. అది తప్పు. ఇక్కడి మన క్యాంపులో పుట్టిన పిల్ల ఈ ప్రాంతంలో పుట్టినట్టే. 2013 జనవరి 1కి ముందు పదేళ్లు ఇక్కడ కాపురం ఉన్నట్టు చూపగలిగిన కుటుంబానికీ దారి ఉంది. ఆ పత్రం అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయంలో ఇస్తారు. కేఈఏ (కర్ణాటక పరీక్షల సంస్థ) కౌన్సెలింగ్‌లో ప్రభుత్వ సీటు వచ్చిందంటే ఫీజు భారం ఏ పాటిదో, అదే కోర్సు మేనేజ్‌మెంట్ సీటులో ఎంతో పోల్చి చూడండి. ఆ ఒక్క పత్రం లక్షల అప్పును తప్పించగలదు.

ప్రభుత్వ సీటు రాకపోతే? నన్నడిగితే మేనేజ్‌మెంట్ బీఎస్సీకి ఐదారు లక్షలు అప్పు చేయడం కంటే మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా మేలంటాను. పని చేసుకుంటూ కొంత కూడబెట్టి, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు. ఎయిమ్స్ నర్సుల కోసం పెట్టే నార్‌సెట్ పరీక్షకు జీఎన్ఎం వాళ్లు కూడా అర్హులే, యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉంటే చాలు. అక్కడ మూలవేతనమే 44,900. రాయచూరుకు ఎయిమ్స్ కావాలని 2022 మే నుంచి మనవాళ్లు ధర్నా చేశారు గదా, ఆ ఎయిమ్స్ వస్తుందో రాదో గానీ బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లకు మన పిల్లలు ఇప్పుడే రాయొచ్చు.

విదేశాలు వద్దని నేనెప్పుడూ చెప్పను. జర్మనీ వెళ్లాలంటే జర్మన్ బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి, ఏడాదికి పైగా పట్టొచ్చు, ఆ కాలంలో కంతు ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. గల్ఫ్ సహా పద్దెనిమిది దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2015లో కేంద్రం నిబంధన పెట్టింది. కువైట్ ఉద్యోగానికి 19,500 తీసుకోవాల్సిన చోట 19.5 లక్షలు గుంజిన ఏజెంటు ఉదంతం కేరళలో ఆ ఏడే బయటపడింది. తెలంగాణలో నర్సులను విదేశాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్.

ఇంతా చెప్పి తప్పంతా పిల్ల లెక్క మీదికే నెట్టలేను. ఆమెకు న్యాయంగా ఇవ్వాల్సిన జీతం ఇస్తే ఈ ఉపన్యాసమే అక్కర్లేదు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు ఇరవై వేలకు తగ్గకూడదనీ, రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ చెప్పింది. కేరళ 2018లో ఇరవై వేల కనీస వేతనం నోటిఫై చేసింది. నర్సులు వీధిలోకి వచ్చి పోరాడారు గనుకే అది జరిగింది. 2011లో ముంబయి, కోల్‌కతా, కేరళల్లో సమ్మె చేసిన నర్సుల కోపం బాండ్ల మీద, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం మీద.

ఈ బాండ్లు, సర్టిఫికెట్ల మాట ఇక్కడి తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. అడ్మిషన్ రోజు కాలేజీ ఏ సర్టిఫికెట్లు తీసుకుంటుందో, ఎప్పుడు తిరిగి ఇస్తుందో రాయించి సంతకం పెట్టించుకోండి. ఉద్యోగంలో చేరేటప్పుడూ అంతే. బాండు రెండేళ్లకని ఉంటే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అందులో చదవండి. కన్నడలో రాసి ఉంటే చదివి చెప్పడానికి మనలో చాలామందిమి ఉన్నాం, బాండు తీసుకొని రండి, సంతకానికి ముందు.