గుమ్మమునొద్ద నిలిచిన అబ్షాలోము

(రేడియో ప్రసంగ పాఠము)
ధ్యాన భాగము: 2 సమూయేలు 15:1–6



ఈ దినము లోక రాజకీయాలను గూర్చి మీతో కొంచెము మాట్లాడాలని ఆశపడుతున్నాను. నాగల్‌గిద్ద వంటి సరిహద్దు మండలములో కూర్చొని అమెరికా, చైనా సంగతులు మనకెందుకు అని మీరు అనవచ్చును. అయితే మీ బంధువులలో ఒకరు గల్ఫులో కూలికి ఉన్నారేమో. మీ ఊరి పిల్లవాడు అమెరికా చదువుకై అప్పు చేశాడేమో. రాజుల మాట మారితే ముందుగా కదిలేది అటువంటి ఇండ్లే. కాబట్టి వాక్య వెలుగులో ఈ సంగతి ఆలోచించుకుందాము.

మొదటిగా, గుమ్మమునొద్ద నిలిచినవానిని చూడండి. అబ్షాలోము రథమును, గుఱ్ఱములను, ముందు పరుగెత్తుటకు ఏబదిమంది మనుష్యులను సిద్ధపరచుకొన్నాడు. పెందలకడ లేచి పట్టణపు గుమ్మమునొద్ద నిలిచేవాడు. వ్యాజ్యెముతో వచ్చినవానిని పిలిచి, నీది ఏ ఊరని అడిగేవాడు. నీ మాట న్యాయమే గాని రాజు తరఫున వినేవాడు లేడు, నేనే న్యాయాధిపతినైతే ఎంత బాగుండును అనేవాడు. చేయి పట్టుకొని ముద్దు పెట్టుకొనేవాడు. ఇలాగు ఇశ్రాయేలీయుల హృదయములను దొంగిలించాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఆ ప్రజల బాధ నిజమైనదే. వినవలసిన చోట వినేవారు లేకపోతేనే గుమ్మమునొద్ద అబ్షాలోముకు స్థలము దొరుకుతుంది. అయితే అతడు ఒక్క వ్యాజ్యెమైనా తీర్చినట్లు ఈ భాగములో మనకు కనబడదు. వచ్చినవారికి ముద్దు దొరికింది, తీర్పు దొరకలేదు. నేటి పత్రికలు జనాకర్షక రాజకీయము, పాపులిజం అని పిలిచేది ఇదే. నీ కష్టము నిజమంటాడు, దానికి కారణము ఫలానావారంటాడు, నేనొక్కడనే నీకు దిక్కు అంటాడు.

దీనికి సాక్ష్యము వెదకుటకు దూరము పోనక్కరలేదు. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మారేవరకు మన నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. అది నిజాం సంస్థానపు నేల. ఆ దినములలో లాతూరులో వకీలుగా ఉండిన ఖాసిం రజ్వీ అనే వ్యక్తి లేచాడు. ఢిల్లీ ఎర్రకోటమీద నిజాం జెండా ఎగురుతుందని గొప్పగా చెప్పేవాడు. వేలాది యువకులు అతని మాటలకు రజాకార్లయ్యారు. ఊళ్లు దోపిడీకి గురియయ్యాయి, ఎందరో చంపబడ్డారు. హైదరాబాదు భారతదేశములో కలవాలని వ్రాసినందుకు షోయబుల్లా ఖాన్ అనే ముస్లిము పత్రికా సంపాదకుడు 1948 ఆగస్టులో హత్య చేయబడ్డాడు. ఆ కాలములో ఎదురు నిలిచి పలికిన అటువంటివారిని కూడా మనము మరచిపోకూడదు.

రెండవదిగా, రాజుల స్నేహము ఎంతకాలముంటుందో చూడండి. యూదా రాజైన ఆహాజు శత్రువులకు భయపడి, దేవుని మందిరపు వెండి బంగారములను తీసి అష్షూరు రాజుకు కానుకగా పంపాడు. ఆ మిత్రుడు వచ్చి అతనిని బలపరచలేదు సరికదా, బాధపెట్టాడని దినవృత్తాంతముల రెండవ గ్రంథము 28వ అధ్యాయము చెబుతుంది.

నిజాం సంగతీ అలాగే జరిగింది. 1798లో నిజాం బ్రిటిషువారితో సైన్య సహకార ఒప్పందము చేసుకొన్నాడు. ఏడవ నిజామైన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధములో వారికి విస్తారమైన ధనమిచ్చి, బ్రిటిషు ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడు అనే బిరుదు పొందాడు. అయితే 1947లో బ్రిటిషువారు వెళ్లిపోతూ అతడు కోరిన ప్రత్యేక హోదా ఇవ్వలేదు. 1948 ఆగస్టులో అతని ప్రభుత్వము ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి మొరపెట్టుకుంది. ఏ దేశమూ వచ్చి ఆదుకోలేదు. సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. నూట ఏబది సంవత్సరముల స్నేహము అయిదు దినములైనా నిలువబెట్టలేకపోయింది.

మన కాలమునకు రండి. 2019 సెప్టెంబరులో అమెరికాలోని హ్యూస్టన్‌లో, 2020 ఫిబ్రవరిలో అహ్మదాబాదులో, మన ప్రధానియు అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌గారును చేతులు కలిపి నిలిచారు. స్టేడియములు చప్పట్లతో మారుమ్రోగాయి. అదే ట్రంప్‌గారు రెండవసారి అధ్యక్షుడైన తరువాత, రష్యా నూనె కొంటున్నామనే కారణము కూడా చూపి, 2025 ఆగస్టు 27 నుండి మన సరకులపై సుంకమును 50 శాతము చేశారు. దెబ్బ తిన్నవారిలో ఆంధ్ర తీరములోని రొయ్యల రైతులున్నారు. సెప్టెంబరులో కొత్త హెచ్‌–1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఆ వీసాలలో పదింటికి ఏడు మన దేశస్థులకే వస్తాయి. మరల 2026 ఫిబ్రవరిలో సుంకము తగ్గించే ఒప్పందము ప్రకటించబడింది. ఏ చప్పట్లనుబట్టి, ఏ కోపమునుబట్టి మన ఇంటి లెక్క వేసుకోగలము?

మూడవదిగా, వెల ఎవరు చెల్లిస్తారో చూడండి. ఈ మాట నెమ్మదిగా వినండి.

సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ప్రాణము పెట్టాడు. మన దేశము దుఃఖించింది, అది న్యాయమే. ఆ రోజులలో చైనా వస్తువులను వీధులలో పగులగొట్టారు. అంతేకాదు, ఈశాన్య రాష్ట్రాలనుండి వచ్చిన మన దేశపు బిడ్డలనే ముఖము చూచి చైనావాళ్లని అవమానించిన సంఘటనలు ఆ సంవత్సరమే జరిగాయి. అయిదేండ్లు గడిచాయి. 2025 ఆగస్టు 31న చైనాలోని తియాన్‌జిన్‌లో ఇరుదేశాల నాయకులు కరచాలనము చేసుకొన్నారు. దేశాలు మాట్లాడుకొనుట తప్పని నేననుట లేదు, సమాధానము మంచిదే. కాని అవమానపడిన ఆ బిడ్డలకు క్షమాపణ ఎవరు చెప్పారు?

1948లోనూ ఇదే జరిగింది. సైన్యము వచ్చిన తరువాత ఊళ్లలో ప్రతీకారము రేగింది. ప్రధాని నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము, సంస్థానములో తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేలమంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. అత్యధికముగా నష్టపోయిన జిల్లాలలో మన అప్పటి బీదరు ఒకటి. చనిపోయినవారిలో చాలామంది సామాన్య ముస్లిములు. నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. రజ్వీ 1957లో చెరనుండి విడుదలై పాకిస్తాను వెళ్లిపోయాడు. రజాకార్ల చేతిలో చనిపోయిన రైతు, ప్రతీకారములో చనిపోయిన పేద నేతగాడు మాత్రము తిరిగి రాలేదు. అబ్షాలోము వెంట యెరూషలేమునుండి ఇన్నూరుమంది ఏమియు తెలియక వెళ్లారట. చివరకు ఎఫ్రాయిము అడవిలో కూలినవారు ఇరువది వేలమంది.

ప్రియులారా, నాయకులు శత్రువును మార్చుకొనగలరు. మన హృదయములో వారు నాటిన ద్వేషము మాత్రము అంత సులభముగా పోదు. అది ప్రక్కింటివాని మీదికే పోతుంది.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని ఓలేథ్ పట్టణములో హైదరాబాదు యువ ఇంజనీరు ఒకరిని దేశము విడిచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. తాను ఇరానీయులను కాల్చానని తరువాత చెప్పుకొన్నాడు. ఎవరిమీదనో నేర్చుకొన్న పగ మన తెలుగు తల్లి కడుపు కోసింది. అయితే అదే చోట ఆ తుపాకికి అడ్డుపడబోయి తూటా తిన్నవాడు ఒక అమెరికా యువకుడు.  యేసుప్రభువు చెప్పిన మంచి సమరయుని కథకు ఇంతకంటె వ్యాఖ్యానము కావాలా?

అక్కడ మనవాడు పరాయివాడైతే ఏడుస్తాము. ఇక్కడ పరాయివాని సంగతేమిటి? మన తండాలనుండి చెరకు కోతకు సరిహద్దు దాటి వెళ్లే కుటుంబాలున్నాయి. మన సంగారెడ్డి జిల్లా ఫ్యాక్టరీలకు ఒడిశా, బీహారునుండి కూలీలు వస్తారు. 2025 జూన్ 30న పాశమైలారము ప్రేలుడులో చనిపోయినవారిలో అటువంటివారు అనేకులు. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ ఒకే సంతలో వినబడే ప్రాంతము మనది. ఇక్కడ ఒకరి భాషను, మతమును శత్రువుగా చూపించుట ఎవరికైనా సులువే. అందుకే మనము మెలకువగా ఉండాలి.

కాబట్టి ఏ నాయకుడైనా, ఏ పార్టీవాడైనా మీ చేయి పట్టుకొన్నప్పుడు మిమ్మును మీరు మూడు ప్రశ్నలు అడుగుకొనండి. ఇతడు నా వ్యాజ్యెము తీర్చాడా, లేక నా కోపమును మాత్రమే మెచ్చుకొన్నాడా? ఇతడు శత్రువని చూపించే జనములో ఒక్కరినైనా నేను పేరుపెట్టి ఎరుగుదునా? రేపు ఇతడే ఆ శత్రువుతో చేయి కలిపితే, నేను పెంచుకొన్న పగను ఎక్కడ పెట్టుకొంటాను? ఈ మూడింటికి జవాబు దొరికేవరకు చప్పట్లు కొట్టకండి, ఫోనులో వచ్చిన మాటను మరొకరికి పంపకండి. ఓటు వేయండి, అధికారులను నిలదీయండి, వారికొరకు ప్రార్థించండి. మీ హృదయమును మాత్రము ఎవరూ దొంగిలించకుండా కాపాడుకొనండి.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, రాజులను నిలువబెట్టి తొలగించువాడవు నీవే. దూరదేశములలో ఉన్న మా బిడ్డలను కాపాడుము. మా గుమ్మమునొద్దకు వచ్చిన పరదేశిని ప్రేమించే మనస్సు మాకిమ్ము. ఆమేన్.