ఆసుపత్రులు ఏకమైతే రోగికి మేలేనా?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పేద రోగుల సహాయనిధి లెక్కలు చూసేవాళ్లం మేము. అంకెలు చదివి కూర్చుంటే మా పని అయిపోతుంది. కాని ఈ యేడు ఆ అంకెల వెనుక ఒక సంగతి వున్నది. అది మీ ముందు పెట్టకపోతే బాధ్యత తీరదు.

బస్టాండు వెనుక నర్సింగ్ హోం మీ అందరికీ తెలిసిందే. ఎన్నో ఏళ్లుగా మన సంఘం చీటీ తీసుకువెళితే డాక్టరుగారు బెడ్ చార్జీ వదిలేసేవారు. మందుల డబ్బు మనం కట్టేవాళ్లం. ఆయన పెద్దవారయ్యారు, ఆసుపత్రిని ఒక పెద్ద కంపెనీ కొన్నది. అద్దాల తలుపులు వచ్చాయి, ఏ.సి. వచ్చింది. ఆటో నడిపే మన తమ్ముడొకడు తల్లిని అక్కడ చేర్పించి చీటీ చూపిస్తే, "ఇవి ఇప్పుడు చెల్లవండీ, పై ఆఫీసును అడగాలి" అన్నారట. పై ఆఫీసు ఏ ఊళ్లో వుందో కౌంటరులో ఎవరికీ తెలియదు. చివరికి బిల్లు కట్టడానికి ఆటో తాకట్టుకు పోయింది.

ఇందులో మన పొరపాటు కూడా వున్నది. ఆ రాయితీ డాక్టరుగారి మంచితనం మీద నడిచింది గాని కాగితం మీద లేదు. ఆసుపత్రి అమ్మినప్పుడు మంచాలు, మిషన్లు దస్తావేజు కెక్కాయి, మంచితనం ఎక్కలేదు.

ఇది మన ఒక్క ఊరి ముచ్చట కాదు. హైదరాబాదులో కేర్ ఆసుపత్రిని 1997లో డాక్టర్ సోమరాజు గారు, తోటి గుండె డాక్టర్లు కలిసి స్థాపించారు. అబ్దుల్ కలాం గారితో కలిసి తక్కువ ఖర్చుతో స్టెంటు తయారుచేసిన సోమరాజు గారే ఆయన. ఆ సంస్థలో పెద్ద వాటా 2012లో ఎడ్వెంట్ అనే పెట్టుబడి కంపెనీకి, 2016లో అబ్రాజ్‌కు, అది కూలిపోయాక 2019లో టి.పి.జి. నిర్వహణ క్రిందికి, 2023లో బ్లాక్‌స్టోన్‌కు చేరింది. 2024 నవంబరులో ఆస్టర్ సంస్థతో విలీనం ప్రకటించారు. తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆసుపత్రి అనేది కొని అమ్మే సరుకుగా ఎలా మారిందో చూపడానికి చెబుతున్నాము.

మరి కలవడం వల్ల లాభమే లేదా అంటే, వున్నది. మందులు టోకున కొనవచ్చు. చిన్న ఆసుపత్రి కొనలేని యంత్రాలు వస్తాయి. లండన్ నగరంలో 2010లో పక్షవాతం రోగుల అత్యవసర వైద్యాన్ని ఎన్నో ఆసుపత్రులనుంచి తీసి 8 ప్రత్యేక కేంద్రాలకు చేర్చారు. రాత్రింబవళ్లు స్పెషలిస్టు, స్కానింగు వుండేటట్లు చూశారు. మరణాలు తగ్గాయి. అయితే అది ప్రభుత్వ వైద్యం. రోగి చేతికి బిల్లు ఇచ్చే పని లేదు. అక్కడ కలిపింది వైద్యం కోసం.

వ్యాపారం కోసం కలిపితే ఏమవుతుంది? అమెరికాలో ఈ విషయం బాగా లెక్కలు తీశారు. ప్రైవేటు బీమా వున్న రోగుల బిల్లులు చూసి 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పోటీ లేని ఆసుపత్రిలో ధరలు, నాలుగు లేక అంతకు మించి ఆసుపత్రులున్న చోటికన్నా 12 శాతం ఎక్కువ. పోనీ, వైద్యమైనా మెరుగుపడిందా? 2020లో వచ్చిన మరొక పరిశోధనలో, చేతులు మారిన ఆసుపత్రులలో మరణాల విషయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రోగుల సంతృప్తి మాత్రం కొంత తగ్గింది. పెట్టుబడి కంపెనీలు కొన్న ఆసుపత్రులలో రోగులు క్రిందపడడం, గొట్టాలద్వారా ఇన్ఫెక్షన్ సోకడం వంటి హానులు, మిగతావాటితో పోలిస్తే సుమారు 25 శాతం పెరిగాయని 2023లో తేలింది.

మన దేశంలో రోగి ఎదురు మాట్లాడలేనిచోట ధర ఎక్కడిదాకా పోతుందో 2018లో ధరల నియంత్రణ సంస్థే చూపించింది. ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు చూస్తే, కొన్ని వస్తువులపై లాభం 1,700 శాతం దాటింది! అదే ప్రభుత్వం గట్టిగా నిలబడితే? 2017లో సగటున లక్షకు పైన అమ్మే మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయల హద్దు పెట్టారు. కనుక దారి లేకపోలేదు.

పెద్ద విలీనాలను ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ చూస్తుంది. మన ఊరి నర్సింగ్ హోం వంటి చిన్న కొనుగోళ్లు సాధారణంగా దాని దాకా పోనే పోవు. వాటిని కనిపెట్టుకోవలసింది ఊరివాళ్లమే.

అందుకని కార్యవర్గం తరపున నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాము. ఒకటి, ఇకముందు ఏ ఆసుపత్రితోనైనా రాయితీ ఒప్పందం వ్రాతపూర్వకంగా వుండాలి. యాజమాన్యం మారినా చెల్లేటట్లు అందులోనే వ్రాయించాలి. రెండు, రోగిని చేర్చేముందు ఖర్చు అంచనా కాగితం మీద అడగాలి. మందులు, పరీక్షలు బయట చేయించుకునే హక్కు, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పట్టికలో వున్నది. మూడు, ఆరోగ్యశ్రీకి అర్హత వున్నవారు కాగితాలు జబ్బు రాకముందే సరిచేసుకోవాలి. నాలుగు, సర్కారు ఆసుపత్రిలో మన యువకులిద్దరు రోజూ రెండు గంటలు కూర్చుని దిక్కుతోచని రోగులకు దారి చూపాలి. ఆ ఆసుపత్రి బాగుంటేనే ఎదుటి ఆసుపత్రికి ధర పెంచడానికి జంకు వుంటుంది. మనం అక్కడికి పోవడం మానేస్తే దాన్ని అడిగే నాథుడే వుండడు.

ఆ తమ్ముడి ఆటో విడిపించడానికి ఈ సభ ముగిసేలోగా తలుపు దగ్గర చందా పెట్టె వుంచుతున్నాము. మీరు తలా ఒక చేయి వేస్తారని నమ్ముతున్నాము.