శాన్‌ఫ్రాన్సిస్కో నగర దర్శనము



కాలిఫోర్నియాలో ఉద్యోగములు చేయుచున్న కుమారులను, కుమార్తెలను చూచివచ్చు తల్లిదండ్రులు నేడు తెలుగు పల్లెలలో అరుదు కారు. వారిలో పలువురు శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒకటి రెండు దినములుండి, ఎఱ్ఱని వంతెనయొద్ద ఫొటో తీయించుకొని తిరిగివత్తురు. అందు తప్పు లేదు. కాని క్రొత్త ఊరు చూడబోవువారు ఒక ప్రశ్నను వెంట గొనిపోయినచో చూపు కొంత నిశితమగును. ఈ ఊరి లెక్కలలో ఎవరి పేరు వ్రాయబడినది? ఎవరి పేరు విడువబడినది?

ముందుగా ఒక హెచ్చరిక. వేసవి గదా యని పలుచని బట్టలతో పోయినవారు జూలై మాసముననే వణకుదురు. సముద్రముమీది పొగమంచు గోల్డెన్ గేట్ అను జలసంధి గుండ ఊరిలోనికి వచ్చును. కావున ఉన్నిబట్ట చేతనుండవలెను.

ఆ జలసంధిమీది వంతెన 1937 మే 27న తెరువబడినది. రెండు గోపురముల నడుమ దూరము 4,200 అడుగులు. నీటిపైనుండి గోపురముల యెత్తు 746 అడుగులు. నడచిపోవువారికి సుంకము లేదు గనుక కాలినడకనే పోయి చూచుట మేలు. ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ విగ్రహము అచ్చట నున్నది. అయితే వంతెన మోయవలసిన బరువునకును, తట్టుకొనవలసిన గాలికిని రాత్రింబవళ్లు లెక్కలు కట్టినవాడు చార్లెస్ ఎల్లిస్. 1931లో అతనిని పనినుండి తొలగించిరి. వంతెన పూర్తియైనప్పుడు అతని పేరెచ్చటను చెక్కబడలేదు. 1949లో అతడు మరణించెను. 2012లో గాని అతని పేర ఫలకము వెలయలేదు. దాని యెదుట ఒక నిమిషము నిలువదగును.

పిమ్మట కేబుల్ కారు ఎక్కవలెను. 1873లో ఆండ్రూ హాలిడీ ప్రారంభించిన ఈ బండ్లకు యంత్రము లేదు. వీధి క్రింద ఎడతెగక పరుగెత్తు ఇనుపమోకును పట్టుకొని అవి నిట్టనిలువు మెరకలెక్కును. మోకును లాగు పెద్ద చక్రములను మేసన్ వీధిలోని ప్రదర్శనశాలలో ఉచితముగా చూడవచ్చును. 1947లో మేయరు ఈ బండ్లను తీసివేయబూనగా ఫ్రీడెల్ క్లస్‌మన్ అను స్త్రీ మహిళాసంఘములను కూడగట్టి, పురజనుల ఓటుచేత వానిని నిలిపెను.

నగర మధ్యమున సివిక్ సెంటరులో పౌర గ్రంథాలయమున్నది. గ్రంథాలయ సభలో చెప్పుచున్న మాట గనుక దీనిని గూర్చి కొంత విస్తరింపవలెను. 1906 ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషములకు భూకంపము సంభవించెను. వెంట పుట్టిన అగ్ని మూడు దినములు మండెను. సుమారు 28,000 కట్టడములు నశించెను. అందు ఆనాటి గ్రంథాలయమును బూడిదయయ్యెను. మృతులు ఐదువందలకు లోపేయని అధికారులు లెక్క చెప్పిరి. అర్ధశతాబ్దము గడచిన పిదప, మృతుల జాబితా కావలెనని అడుగవచ్చినవారికి చూపుటకు అట్టి జాబితాయే లేదని గ్లాడిస్ హాన్సెన్ అను గ్రంథాలయోద్యోగిని కనుగొనెను. ఆమె పత్రికలను, ఉత్తరములను, మరణ పత్రములను ఏండ్ల తరబడి గాలించి పేరు వెంట పేరు చేర్చెను. మృతులు మూడువేలకు మించుదురని తేల్చెను. చైనావారు మొదలగు పేదలను తొలి లెక్క పట్టించుకొనలేదు. ఆ గ్రంథాలయపు ఆరవ అంతస్తులోని చరిత్ర విభాగము అందరికిని ప్రవేశయోగ్యము.

వుడ్ వీధిలో గదర్ స్మారక భవనమున్నది. ముందుగా వేళ కనుగొని పోవలెను. గదర్ పార్టీవారు ఈ నగరమునుండి 1913 నవంబరు 1న తమ పత్రికను వెలువరించి, భారత స్వాతంత్ర్యమునకై పోరు సాగించిరి. వారిలో అధికులు పంజాబీలు. కనిగిరి వాస్తవ్యుడైన దరిశి చెంచయ్య కాలిఫోర్నియాలో చదువుకొనుచు వారితో కలిసెను. తరువాత బ్రిటిషువారి చెఱలో ఏండ్లు గడిపెను. 'నేనూ నా దేశం' అను అతని స్వీయచరిత్ర చదివి పోయినవారికి ఆ వీధి పరాయిదిగా తోపదు.

కడపట మరపడవ ఎక్కి ఏంజెల్ ఐలండ్ అను దీవికి పోవలెను. 1906 నాటి మంటలలో దస్తావేజులు, జనన పత్రములు కాలిపోయెను. భూములు గలవారు తమ హక్కును న్యాయస్థానమున మరల స్థాపించుకొనుటకు అదే యేట చట్టము చేయబడెను. చైనావారిని దేశమునకు రానీయని చట్టము 1882 నుండి 1943 వరకు అమలులో నుండెను. కావున కాగితములు కాలిన సందున పలువురు చైనావారు తాము ఇచ్చటనే పుట్టితిమని చెప్పుకొనిరి. చైనానుండి వచ్చు యువకులు కొందరు వారికి కాగితముమీది కుమారులైరి. 1910 నుండి 1940 వరకు వారిలో పలువురిని ఈ దీవిలో నిలిపి అధికారులు ప్రశ్నించుచుండిరి. మీ వరుసలో ఇండ్లెన్ని? బావి ఏ దిక్కున నున్నది? జవాబు తప్పినవాడు తిరిగి ఓడ ఎక్కవలసినదే. భారతీయులును పలువురు ఇచ్చట నిర్బంధింపబడిరి. చైనావారు తమ దుఃఖమును చెక్కగోడలపై పద్యములుగా చెక్కిరి. వానిపై రంగు పూయబడెను. కట్టడమును కూల్చనున్న తరుణమున, 1970లో ఒక ఉద్యానవనోద్యోగి ఆ యక్షరములను గుర్తించెను. ఇప్పటికి రెండువందలకు పైగా పద్యములు సేకరింపబడినవి.

ఆ దీవినుండి తిరిగివచ్చు మరపడవలో, అమెరికాలో పుట్టిన మనుమనిని చెంత కూర్చుండబెట్టుకొని, తాత తన ఊరిని గూర్చి ఆ ప్రశ్నలనే అడుగవచ్చును. ఇంటి వరుసలో ఇండ్లెన్ని? చెరువు ఏ దిక్కున నున్నది? పిల్లవాడు చెప్పలేనిది తాత చెప్పవలెను. పడవ రేవు చేరుటకు ఆ మాత్రము వ్యవధి యున్నది.