మూడు కుప్పలా, మూడేసి కుప్పలా?



డెబ్బదియైదేండ్ల పాఠశాల చరిత్రను గూర్చి చెప్పుటకు నాకంటె అర్హులు ఇచ్చట ఉన్నారు. నేను నాలుగవ తరగతికి లెక్కలు చెప్పినవాడను. కనుక ఆ తరగతిలో నేను చేసిన ఒక తప్పును గూర్చియే మాట్లాడుతాను.

భిన్నాలు చెప్పవలసి వచ్చినప్పుడు అందరివలెనే నేనూ నల్లబల్లపై ఒక వృత్తము గీసి, దానిని కోసి, ఒక ముక్కకు సుద్ద పూసేవాడను. పిల్లలు చక్కగా పావు, అర, ముప్పావు అని చెప్పేవారు. ఒకనాడు బొమ్మ మాని, "పన్నెండు రేగుపండ్లలో మూడింట ఒక వంతు ఎంత?" అని అడిగినాను. లాల్‌పేట నుండి వచ్చే ఒక గని కార్మికుని కూతురు వెంటనే లేచి "మూడు, సార్" అన్నది. తప్పన్నాను. మరల అడిగినా "మూడు" అనే అన్నది. గంట కొట్టేవరకు నిలబెట్టినాను. ఆ తరువాత వారము దినాలు ఆ పిల్ల నా తరగతిలో నోరు విప్పలేదు. లెక్కలంటే భయము ఎక్కడ పుడుతుందని సభలలో చర్చించుకుంటాము గదా, నా వరకు అది పుట్టిన చోటు నేను కన్నులారా చూచినాను.

వారము గడచిన పిమ్మట ఆమె ముందు పన్నెండు చింతగింజలు పోసి, ఎట్లా చేసినదో చూపమన్నాను. మూడేసి గింజల చొప్పున నాలుగు కుప్పలు పెట్టింది. ఒక కుప్పను నా వైపు జరిపింది. లెక్కలో ఎక్కడా తడబాటు లేదు. నేను మూడు కుప్పలు కోరితే ఆమె మూడేసి కుప్పలు విన్నది. అంతే భేదము. వృత్తమును కోసేటప్పుడు ఈ చిక్కు రానే రాదు. అక్కడ ముక్కలను తప్ప లెక్కించుటకు మరేమీ ఉండదు. గుంపులో వస్తువుల సంఖ్య ఒకటి, కుప్పల సంఖ్య ఒకటి, కుప్పలో వస్తువుల సంఖ్య ఒకటి, మొత్తము మూడు సంఖ్యలు కలవు. బొమ్మతో మొదలుపెట్టుట తప్పు కాదు గాని, బొమ్మతోనే ఆగుట తప్పని నా అభిప్రాయము.

భాష కూడా కొంత చిక్కు పెడుతుంది. తెలుగులో "మూడింట ఒకటి" అని హారమును ముందు పలుకుతాము. వ్రాసేటప్పుడు లవమును పైన వ్రాస్తాము. మన పిల్లలు వీధిలో వినే మరాఠీలో "ఏక్ తృతీయాంశ్" అని లవమే ముందు వస్తుంది. రెండు భాషల నడుమ పెరిగే బిడ్డ ఏ అంకెను ముందు పట్టుకోవలెను?

ఆ బాలికను "మీ నాయన గనిలో రోజుకు ఎన్ని పాళీలు?" అని అడిగినాను. మూడన్నది. ఒక్కొక్క పాళీ ఎన్ని గంటలు? ఎనిమిది. "అయితే ఇరవై నాలుగు గంటలలో మూడింట ఒక వంతు?" ఆమె జవాబు చెప్పకుండా చింతగింజల వైపు చూచింది. నాలుగు కుప్పలను చెరిపి మూడు చేసింది. మూడింట రెండు వంతులు ఎంతయని నేను అడుగకముందే రెండు కుప్పలు కలిపి ఎనిమిది చూపింది.

అటుపిమ్మట తరగతిలోకి తునికాకు తెచ్చినాను. మన మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు. ప్రాణహిత దాటితే 50. అరకట్ట ఇక్కడ 35, అక్కడ 25. సగమనే మాట మారలేదు, మొత్తము మారినది. ఇది పిల్లలకు నేను చెప్పనక్కరలేకపోయినది. వేసవిలో తల్లుల వెంట అడవికి పోయి కట్టలు కట్టినవారే వారిలో ఉన్నారు. 70లో అయిదవ వంతు 14, ఏడవ వంతు 10. నాలుగవ వంతు అడుగగా పదిహేడేసి ఆకులు నాలుగు కుప్పలు పెట్టి, మిగిలిన రెండాకులతో దిక్కులు చూచినారు. చింపి పంచుదామని ఒకడు అన్నాడు. చిరిగిన ఆకును కల్లములో తీసుకోరని మరొకడు అన్నాడు. ఇద్దరిదీ నిజమే. రొట్టెను కోయవచ్చును, ఆకును కోయరాదు. పదిహేడున్నర అనే జవాబు కాగితముపై సరియైనదే గాని కట్టకు పనికిరాదు.

మన పూర్వులకు ఈ బాధ తక్కువ. రూపాయికి 16 అణాలు. పావలా, బేడ, అణా అంటూ బజారే భిన్నాలు నేర్పేది. 1957లో దశాంశ నాణేలు వచ్చినవి. 2011లో పావలా బిళ్ళ చెల్లుబాటు కూడా ముగిసినది. నాణెము పోయినా వీసము, పరక అనే మాటలనైనా పిల్లల చెవిన వేయవలసినది. మేము వేయలేదు.

చివరకు, 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతిలోని తుమ్మెదల లెక్క ఇచ్చినాను. గుంపులో అయిదవ వంతు ఒక చెట్టుపై, మూడవ వంతు మరొక చెట్టుపై వాలినవి, ఆ రెండింటి తేడాకు మూడు రెట్లు ఇంకొక చెట్టుకు పోయినవి, ఒకటి మిగిలినది. పెద్ద తరగతులవారు బీజగణితముతో చేస్తారు. ఈ బాలిక సరిగా 15 చింతగింజలు తీసుకొని కూర్చున్నది. పదిహేనే ఎందుకన్నాను. "మూడు కుప్పలూ రావాలె, అయిదు కుప్పలూ రావాలె గద సార్" అన్నది. మూడు, అయిదు, ఆరు వేరు చేసింది. ఒక్క గింజ ఆమె అరచేతిలో మిగిలింది.