బీళ్లలో మేయు పశువులకు లవణపు తొట్టి
(రైతుల సభయందలి ఉపన్యాస పాఠము)



బీడునందు మేయు ఆవు ఎండిన ఎముకను నములుటయు, గోడ మన్ను నాకుటయు పెక్కురు రైతులు చూచియే యుందురు. ఇది దురభ్యాసమని తలచి కాపరులు కొట్టి తోలుదురు. ఇది అభ్యాసము గాదు, కొరత. ఎండుగడ్డియందును వరిగడ్డియందును భాస్వరము మిక్కిలి తక్కువ. ఆ కొరత గల పశువు ఎముకలను వెదకికొనును. కళేబరపు ఎముకలలో విషము పుట్టియున్నచో, తిన్న పశువు కాళ్లు పడిపోయి మరణించును. దక్షిణాఫ్రికాలో 1920 ప్రాంతమున అర్నాల్డ్ థెయిలర్ అను పశువైద్యుడును ఆయన తోడివారును ఈ సంబంధమును నిరూపించిరి. చావు రాకపోయినను నష్టము తప్పదు: పెయ్యలు ఆలస్యముగా ఎదకు వచ్చును, ఆవులు చూలు నిలువక తిరుగును, పాలు తగ్గును.

పశువు ఉప్పును తానే వెదకి తినును. తక్కిన ఖనిజములను అవసరమెరిగి తినునని నమ్మరాదు. కావున ఉప్పునే ఆశ చూపి మిగిలినవి తినిపించవలెను. మెత్తని ఉప్పు ఒక పాలు, ఉప్పు చేరని పశువుల ఖనిజ మిశ్రమము ఒక పాలు కలిపిన చాలును. ఇంట దంచిన పచ్చి ఎముకల పొడిని పెట్టరాదు. అందు రోగబీజము లుండవచ్చును. ఎరువుగా అమ్ము భాస్వరపు రాతిపొడియు పనికిరాదు. అందలి ఫ్లోరిన్ పండ్లను ఎముకలను చెరచును.

తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఆరంగుళముల లోతు గల కొయ్యపెట్టెగా నుండవలెను. ఉప్పు ఇనుమును తినివేయును గనుక మేకులకు బదులు కొయ్యచీలలు వాడుట మేలు. నేలనుండి రెండడుగుల ఎత్తున గట్టి గుంజలపై నిలిపి, పశువు తల తగులని ఎత్తున కప్పు వేయవలెను. తొలకరి వాన నైరుతినుండి కొట్టును గనుక పడమట దక్షిణములను పలకలతో మూసి, తూర్పు తెరచి యుంచవలెను. అడుగున చిన్న రంధ్రములున్న చెమ్మ నిలువదు. కొయ్యకు వ్యయము చేయలేనివారు పాత లారీ టైరును కోసి తొట్టిగా వాడవచ్చును. తీగ మొనలు పైకి లేకుండ చూడవలెను.

తొట్టిని పశువులు నీరు త్రాగు చోటికి సమీపమున నుంచవలెను. నీరు చాలని చోట ఉప్పు ప్రమాదకరము. ఉప్పెరుగని మందకు మొదటి వారము రోజున కింతయని కొలిచి పెట్టి, పిదప తొట్టి నింపవలెను.

పెద్ద పశువునకు దినమునకు సుమారు 70 గ్రాములు లెక్కవేసిన, పది పశువులకు వారమునకు 5 కిలోలు పట్టును. అంతకు మిక్కిలి తగ్గినచో తొట్టిని నీటికి మరింత దగ్గరకు జరిపి, పైన చారెడు తవుడు చల్లవలెను. పాడియావునకు తొట్టి చాలదు. దాని వంతు ఇంటివద్ద దాణాలో వేరుగా కలుపవలెను.

ఒక హెచ్చరిక కలదు. పశువుల మిశ్రమమందలి రాగి గొఱ్ఱెలకు విషము. అదే బీటిలో గొఱ్ఱెలు మేయుచున్నచో వాటికి అందని ఎత్తున తొట్టిని కట్టవలెను.

పైరునకు ఎరువు వేయని రైతు లేడు. ఆ పైరును దున్ని పెంచిన పశువునకు చారెడు లవణము కరవు కానీయరాదు. వచ్చు తొలకరికి ముందే ప్రతి మందకును ఒక తొట్టి నిలుపవలెనని రైతులు కోరబడుచున్నారు.