మందు పట్టనిది ఒంటికా, క్రిమికా?



"ఇన్ని రోజులుగా ఇంత ఖరీదైన ఇంజెక్షన్లు ఇస్తున్నారు, అయినా మా నాన్న ఒంటికి మందు పట్టడం లేదండీ" అని వార్డులో మీలో చాలామంది అంటూ ఉంటారు. మందు పట్టనిది మీ నాన్నగారి ఒంటికి కాదు, ఆ ఒంట్లో చేరిన సూక్ష్మక్రిమికి. కల్చర్ రిపోర్టులో మందు పేరు ఎదురుగా 'ఆర్' అని ఉంటే ఆ మందుకు ఆ క్రిమి లొంగదని అర్థం. 'ఎస్' అని ఉంటే లొంగుతుంది.

క్రిమికి ఈ మొండితనం ఎక్కడి నుంచి వచ్చింది? బాక్టీరియా కణంలో దాని అసలు జన్యువులు కాక, విడిగా చిన్న చిన్న డీఎన్ఏ ఉంగరాలు కూడా ఉండవచ్చు. వీటిని ప్లాస్మిడ్లు అంటారు. మందును విరగ్గొట్టే ఎంజైము తయారుచేసే విధానం కొన్ని ఉంగరాల మీద రాసి ఉంటుంది. మనలో గుణాలు తల్లిదండ్రుల నుంచి బిడ్డలకే వస్తాయి. క్రిముల సంగతి అలా కాదు. ఒక క్రిమి పక్కనున్న క్రిమిని అతుక్కుని, అది వేరే జాతిదైనా సరే, తన ఉంగరాన్ని జిరాక్సు తీసినట్టు ఇచ్చేస్తుంది. ఇచ్చినదాని దగ్గరా ఉంటుంది, పుచ్చుకున్నదాని దగ్గరా ఉంటుంది. జపాన్‌లో 1950లలో జిగట విరేచనాల క్రిములు ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోయినప్పుడు అక్కడి శాస్త్రజ్ఞులు ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని కనిపెట్టారు. నాలుగు మందుల విరుగుడూ ఒకే ఉంగరం మీద ఉందన్నమాట.

మన దేశానికి సంబంధించిన ఉదాహరణ ఒకటి చెబుతాను. న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్లిన ఒక రోగి మూత్రంలో 2008లో క్లెబ్సియెల్లా అనే క్రిమి దొరికింది. చివరి అస్త్రాలుగా దాచుకునే కార్బపెనెమ్ మందులకు కూడా అది లొంగలేదు. అదే రోగి మలంలో ఉన్న ఈ-కొలై అనే వేరే క్రిమిలోనూ అదే జన్యువు కనిపించింది! ఒకరి ఒంట్లోనే అది ఒక జాతి నుంచి మరో జాతికి పాకి ఉంటుందని పరిశోధకులు భావించారు. దానికి ఎన్‌డీఎమ్-1 అని పేరు పెట్టారు. ఢిల్లీ పేరు తగిలించడం మీద 2010లో మన దేశంలో పెద్ద గొడవే జరిగింది. పేరు మాట ఎలా ఉన్నా, 2011లో ప్రచురించిన పరిశోధనలో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171లో 51లోనూ, కుళాయి నీళ్ల నమూనాలు 50లో రెండింటిలోనూ ఆ జన్యువు దొరికింది.

ఇప్పుడు మన వార్డుకు వద్దాం. ఇలాంటి క్రిమి బయటపడితే రోగిని విడి గదిలోకి మారుస్తారు. నర్సులు గౌను, గ్లౌజులు వేసుకుంటేగాని లోపలికి రారు. చూసిన కుటుంబసభ్యుల మనసు చివుక్కుమంటుంది. "మమ్మల్ని వెలివేసినట్టు చూస్తున్నారు" అని కన్నీళ్లు పెట్టుకున్నవారూ ఉన్నారు. దయచేసి అలా అనుకోకండి. దూరం పెడుతున్నది ఆ ఉంగరాన్ని, మనిషిని కాదు. పక్క మంచం మీద నిన్ననే ఆపరేషన్ అయినవారు ఉండవచ్చు.

ఈ క్రిములు ఎక్కువగా పేగుల్లో మకాం వేస్తాయి. మలమూత్రాల నుంచి చేతులకు, చేతుల నుంచి మంచం కమ్మీకి, అక్కడి నుంచి మరొకరికి చేరతాయి. బెడ్‌పాన్ తీసేది, యూరిన్ బ్యాగు సర్దేది చాలాసార్లు మీరే కదా! సంతోషించాల్సిన విషయం ఏమిటంటే, ఉంగరం మీదున్న విద్య మంచం దగ్గరి సీసాలోని స్పిరిట్ ద్రావణం ముందు పనిచేయదు. రోగిని తాకే ముందు, తాకిన తరువాత రెండు చేతులూ పూర్తిగా తడిసేలా రాసుకుని ఆరేదాకా రుద్దండి. చేతికి మురికి అంటితే సబ్బూ నీళ్లే వాడాలి. పరామర్శకు వచ్చినవారిని పక్క రోగి మంచం మీద కూర్చోనివ్వకండి. "ఈ మూత్రపు గొట్టం ఇంకా అవసరమేనా డాక్టరుగారూ?" అని రోజూ అడగండి. ఎవరూ కోప్పడరు, కోప్పడినా అడగండి.

జలుబుకు కూడా యాంటీబయాటిక్ రాయమని పట్టుబట్టడం మంచిది కాదు. మందు పడగానే పేగుల్లోని సాధువైన క్రిములు చచ్చి, ఉంగరమున్నవాటికి చోటు దొరుకుతుంది.

ఇంటికి వెళ్లాక కూడా ఇవి కొన్ని నెలలు పేగుల్లో ఉండిపోవచ్చు. అందుకని కంచం, మంచం వేరుచేయనక్కరలేదు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కుంటే సరిపోతుంది. కల్చర్ రిపోర్టును మాత్రం ఫైలులో భద్రంగా ఉంచి, రేపు మరే ఆసుపత్రిలో చేరినా మొదటి రోజే డాక్టరుగారికి చూపించండి.