ఏడుపు తర్వాతి వారం

పిల్లల మనసుల గురించే జీవితమంతా ఆలోచించిన మాస్టారి పేరిట మాట్లాడమన్న వారి కుటుంబానికి కృతజ్ఞతలు. ఆయనకు సినిమా అంటే ప్రాణం. అందుకే, చిన్ననాటి గాయానికి మాటలతో చేసే వైద్యాన్ని తెర ఎలా చూపిస్తోందన్నది ఈరోజు విషయంగా తీసుకున్నాను.

1895లో వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి హిస్టీరియా మీద పుస్తకం తెచ్చారు. ఆ డిసెంబరులోనే పారిస్‌లో ల్యూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి సినిమా చూపించారు. మరుగునపడ్డ జ్ఞాపకాన్ని, దాంతోపాటు అణిగిపోయిన దుఃఖాన్ని బయటికి రప్పిస్తే రోగలక్షణం పోతుందని ఆ పుస్తకం అంది. ఫ్రాయిడ్ అక్కడే ఆగిపోలేదు. గుర్తుకు రావడం చాలదనీ, వచ్చినదానితో రోగి చాలాకాలం పెనుగులాడాలనీ, వైద్యుడు ఓపిక పట్టాలనీ 1914లో రాశాడు. సినిమా మాత్రం 1895 దగ్గరే ఉండిపోయింది.

హిచ్‌కాక్ ‘స్పెల్‌బౌండ్’ (1945)లో, చిన్నప్పుడు తనవల్ల సోదరుడు చనిపోయిన సంగతి మంచుకొండ మీద జారుతుండగా నాయకుడికి గుర్తొస్తుంది. ఏళ్ల అపరాధభావం అక్కడికక్కడే తొలగిపోతుంది. నిర్మాత సెల్జ్‌నిక్ తన సొంత మనోవిశ్లేషకురాలినే సలహాదారుగా పెట్టుకుని తీసిన చిత్రమిది! పైగా అందులో వైద్యురాలు రోగినే ప్రేమిస్తుంది.

‘గుడ్ విల్ హంటింగ్’ (1997) దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే అది నాకు చాలా ఇష్టమైన సినిమా. పెంపుడు తండ్రి చేతిలో దెబ్బలు తిని పెరిగిన విల్, కోర్టు ఆదేశం మీద చికిత్సకుడు షాన్ దగ్గరికి వస్తాడు. ఒక సెషన్ మొత్తం ఇద్దరూ మౌనంగా కూర్చుంటారు. ముందు విల్లే నోరు విప్పాలని షాన్ పట్టుదల. చికిత్స గదిని ఇంత నిజంగా చూపిన దృశ్యాలు అరుదు. కానీ జనం గుర్తుపెట్టుకున్నది ఆ మౌనాన్ని కాదు. ‘నీ తప్పు కాదు’ అని షాన్ పదే పదే అనడం, విల్ బద్దలై ఏడవడం, అదే అందరికీ గుర్తు. ఆ తర్వాత మిగిలేది వీడ్కోలే. విల్ కారెక్కి కాలిఫోర్నియా వెళ్లిపోతాడు.

నిజమైన గదిలో అయితే ఆ ఏడుపు తర్వాతి వారమే కష్టం. కలలు పెరగవచ్చు, కోపం రావచ్చు, ఇక రానని మానేయవచ్చు. అందుకే మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992 నాటి పుస్తకంలో భద్రతను మొదటి మెట్టుగా పెట్టింది. జ్ఞాపకమూ దుఃఖమూ దాని తర్వాత, మళ్లీ మనుషుల్లో కలవడం ఆ పైన. పిల్లలకు ఇప్పుడు ఎక్కువగా వాడే గాయకేంద్రిత (ట్రామా-ఫోకస్డ్) చికిత్స సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు సాగుతుంది. ఊపిరి నెమ్మదించుకోవడం, భయాన్ని గుర్తుపట్టడం ముందు నేర్పి, ఆ తర్వాతే జరిగింది చెప్పిస్తారు. అమ్మో నాన్నో అమ్మమ్మో, పెంచుతున్నవాళ్లు అందులో భాగస్వాములు. సినిమా గదిలో ఆ పెద్దలకు కుర్చీ ఉండదు.

‘డియర్ జిందగీ’ (2016)ని ఒక విషయంలో మెచ్చుకోవాలి. తాతగారింట్లో వదిలేయబడిన బాల్యం నాయిక కైరాది. చివరికి ఆమె వైద్యుడి మీద ఇష్టం చెబితే, ఆయన మెత్తగా కాదంటాడు. ఆ హద్దును తెర మీద నిలబెట్టినందుకు దర్శకురాలు గౌరీ షిండేకు నా నమస్కారం.

ఇది వట్టి కళావిమర్శ అనుకోకండి. ఎవరికో చెప్పుకుని, గట్టిగా ఏడ్చి, అయినా నిద్రపట్టని మనిషి ఆ సినిమాలు చూసి ‘నాలోనే ఏదో లోపం’ అనుకుంటుంది. ఆ అపవాదు ఆమె మీద మోపే హక్కు ఏ దర్శకుడికీ లేదు.

మన దేశం సంగతికి వస్తే, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007 అధ్యయనంలో 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక హింస ఎదుర్కొన్నామన్నారు. చేసినవారిలో సగం మంది తెలిసినవాళ్లే. ‘పరువు పోతుంది, బయట అనకు’ అనే మాట మన ఇళ్లలోనూ విన్నదే. కానీ 2012 పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చికిత్సకుడికీ మినహాయింపు లేదు. బిడ్డ నమ్మి చెప్పిన మాటను స్టేషన్‌కు చేర్చాల్సిన పూట ఆ మనిషి ఏమంటాడు, బిడ్డకు ముందుగా ఎలా వివరిస్తాడు, తల్లి ఎవరి పక్క నిలబడుతుంది? ఈ సభలో ఉన్న రచయితలను అడుగుతున్నాను, ఆ సన్నివేశం రాయండి.